పలకని ఈల

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని అవతలికి వెళ్లిపోయే రకం నేను. మా స్టీలు ప్లాంటులో ఆ కబుర్లకు కొదవ లేదు. ఎప్పుడో పైనుంచి పడి చనిపోయినవాడు రాత్రి షిఫ్టులో వచ్చి బీడీ అడుగుతాడని ఒకడంటాడు. ఖాళీ షెడ్డులో ఎవరో గొలుసు ఈడుస్తున్నారని ఇంకొకడంటాడు. క్రేను మీద ఒంటరిగా కూర్చుని ఎన్ని రాత్రులు గడిపానో నాకే తెలియదు. నన్ను ఎవడూ బీడీ అడగలేదు.

నిజానికి నేను చెప్పబోయేది దెయ్యం కథ కాదు. ఇందులో చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. అందరం ఇక్కడే, జంషెడ్‌పూర్‌లోనే, తిని తిరుగుతున్నాం. తలుచుకుంటే నాకు భయం కూడా పెద్దగా వెయ్యదు. సిగ్గు వేస్తుంది. ఇప్పటిదాకా బయటికి చెప్పకపోవడానికి కారణం అదే.

ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు.

నా పేరు సింహాచలం. మా పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. నేను పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడి బర్మామైన్స్ పేటలో. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేను నడుపుతాను. పైన చిన్న క్యాబిన్‌లో నేనుంటాను, కింద ఖలాసీ ఉంటాడు. సరుకుకి గొలుసులు తగిలించేదీ, ఎత్తమనేదీ, దించమనేదీ అతనే. ఆ రొదలో నోటిమాట పైకి వినపడదు కాబట్టి చేతులతో సైగ చేస్తాడు, ఈల ఊదుతాడు. నేను అతని సైగ తప్ప మరెవరి సైగా పట్టించుకోకూడదు.

'ఆగు' అన్న సైగ ఒక్కటే వేరు. అది దారిన పోయేవాడు ఇచ్చినా ఆగాల్సిందే. ఎందుకని అడగకూడదు. ముందు ఆగాలి. ఆగాక కాలి కింద ఉన్న గంట ఒకసారి నొక్కాలి. 'విన్నాను' అని దాని అర్థం. ఆ గంట మోగేదాకా కింద ఉన్నవాడు కదలడు. పైవాడు విన్నాడో లేదో అతనికి తెలియదు కదా. ఆగి కూడా గంట కొట్టని ఆపరేటర్‌ని మా దగ్గర మనిషిలా చూడరు.

ఇదంతా నాకు నేర్పినవాడు మా గురువులు మావయ్య. మా అమ్మకు సొంత తమ్ముడు. పెద్ద ఖలాసీగా చేసి రిటైరై చాలా ఏళ్లయింది. 'ఆగు' అనడానికి అందరూ పొడుగ్గా ఒక ఈల ఊదుతారు. మావయ్య ఊదితే ఆ పొడుగు చివర చిన్న విరుపు ఉండేది. కింది పెదవిలో ఎప్పుడూ ఖైనీ పొగాకు ఉండడం వల్ల అలా వచ్చేదని అందరూ ఎగతాళి చేసేవారు. ఎన్ని ఈలలు ఒకేసారి మోగినా అందులో ఆయనది నేను పట్టేసేవాణ్ణి.

హిమాలయాలకు వెళ్దామన్న ఆలోచన కూడా ఆయనదే.

మా అమ్మాయి పల్లవి కాలేజీలో చదువుతోంది. ఈ చలికాలం మొదట్లో ఒకనాడు మావయ్య మా ఇంటికి వచ్చినప్పుడు ఫోన్‌లో ఏదో వీడియో చూపించింది. దాని ఈడు పిల్లలు మంచులో నడుస్తున్నారు. మావయ్య ఫోన్ చేతిలోకి తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఒరే సింవాచలం, జల్మంతా కొలిమి కాడే అయిపోనాదిరా," అన్నాడు. "ఒక్కపాలి ఆ మంచు ముట్టుకోవాలని ఉంది."

"చలో తాతా, మై లే జాఊంగీ," అంది పల్లవి. తాతను తనే తీసుకెళ్తానంది. మా ఇంట్లో ఇంతే. పెద్దవాళ్లు తెలుగులో అంటారు, అది హిందీలో బదులిస్తుంది.

అన్నట్టే పూనుకుంది. ఉత్తరాఖండ్‌లో కొత్తవాళ్ల కోసం చిన్న ట్రెక్కులు ఉంటాయట. రైలు దిగి జీపులో కొండ కింది పల్లెకు వెళ్లి, అక్కణ్ణుంచి రోజుకు కాస్త కాస్త నడుచుకుంటూ పైకి. చిన్న శిఖరమే గానీ హోలీ దాకా మంచు ఉంటుందట. మావయ్య, నేను, పల్లవి, జగ్గారావు వెళ్లాలనుకున్నాం. జగ్గారావుది ఊళ్లోనే భాలుబాసా పేట. ఇప్పుడు నా క్రేను కింద ఖలాసీ, ఒకప్పుడు మావయ్య చేతికింద పని నేర్చుకున్నవాడు. వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాం. దానికి 'మంచు కొండ' అని మావయ్యే పేరు పెట్టాడు.

పల్లవి మాకు ప్రాక్టీసు కూడా పెట్టింది. వీపు సంచిలో గోధుమపిండి ప్యాకెట్లు వేసుకుని స్టేషన్ దగ్గరి ఫుట్ బ్రిడ్జి మెట్లు ఎక్కడం, దిగడం. ఆదివారం వస్తే దల్మా కొండ. ఊరికి దగ్గరే, మాంగో పేట దాటి హైవే మీద కొంత దూరం పోతే వస్తుంది. ఏనుగులు తిరిగే అడవి.

మొదటిసారి దల్మాకి నలుగురం వెళ్లాం. మావయ్య నడక ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు. మోకాలు పట్టుకుంటాడు. దారిలో పుల్లలు ఏరుకునేవాళ్లు కనపడితే వాళ్ల ఊరు, పేరు అన్నీ అడుగుతాడు. ఎండ నెత్తికెక్కే వేళకి సగం దారిలోనే రాయి మీద కూర్చుని చద్దన్నం మూట విప్పాడు. మమ్మల్ని కూడా తినమన్నాడు.

"మావయ్యకి ట్రెక్కు గాదు, పైకి ఎత్తడానికి ఇంకో క్రేను గావాల," అన్నాడు జగ్గారావు. నేను నవ్వాను. మావయ్య కూడా నవ్వాడు. ఉల్లిపాయ చిదిమి అందరికీ పంచాడు.

అక్కడితో అయిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు. బూట్లు కొనడానికి బిష్టుపూర్ బజారుకు వెళ్లాం, నేనూ ఆయనా.

అద్దాల దుకాణం. మావయ్య చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు, మనవాళ్ల అలవాటు. కుర్చీ ఉండగా కింద కూర్చున్నాడు. తన సంచిలోంచి మేజోళ్లు తీసి వేసుకుంటే ఒక బొటనవేలు బయటికి వచ్చింది. బూటు వేసుకుని దుకాణం ఈ చివర నుంచి ఆ చివరకు రెండు చేతులూ ఎత్తి, ఖలాసీ నడిచినట్టే నడిచాడు. "ఏ మంచు మే ఫిసలేగా క్యా," అని గట్టిగా అడిగాడు, మంచులో జారుతుందా అని. దుకాణం కుర్రాడు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు.

ఆ సమయానికే మా డిపార్టుమెంటు ఇంజనీరు ఒకాయన భార్యతో లోపలికి వచ్చాడు. నన్ను చూసి పలకరించాడు. మావయ్య వైపు చూసి, "ఆప్‌ కే సాథ్ హైఁ?" అని అడిగాడు. మీతో వచ్చారా అని.

నేను, "నహీఁ సర్, బస్, జాన్ పహచాన్ కే హైఁ," అన్నాను. కాదు, ఊరికే తెలిసినాయన అన్నాను.

చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పినాయన. మా నాన్న పోయాక నన్ను ప్లాంటు గేటు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పనిలో పెట్టించినాయన. తెలిసినాయన అన్నాను.

మావయ్య విన్నాడో లేదో నాకు తెలియదు. వంగి బూటు లేసు విప్పుతున్నాడు. రెండు బూట్లూ పెట్టెలో సర్ది, కాగితం కూడా ఎలా ఉన్నది అలాగే మడిచి పైన కప్పి, "నా పాతబూట్లే సాల్రా," అన్నాడు. నేను మాత్రం నాకు కొనుక్కున్నాను.

మనిషి తను చేసిన తప్పు చూసి సిగ్గుపడితే బాగుపడతాడంటారు. నా విషయంలో అలా జరగలేదు. ఆయన మొహం చూడడానికి సిగ్గేసి ఇంకో తప్పు చేశాను. ఇంటికి వచ్చి వాట్సాప్‌లో కొత్త గ్రూపు పెట్టాను. అందులో మేం ముగ్గురమే. మావయ్యకు ఫోన్ చేసి, నాకు డ్యూటీలు మారాయి, ఇప్పట్లో ప్రాక్టీసు లేదు, ట్రెక్కు కూడా అనుమానమే అని చెప్పాను. "అలాగేరా, డూటీ ముఖ్యం," అన్నాడు.

పల్లవికి నచ్చలేదు. "పాపా, తాతా సే సీధా బోల్ దో నా," అంది. ఆయన మోకాళ్లకు మంచిది కాదని సూటిగా చెప్పేయొచ్చు కదా అని దాని బాధ. చెబుతాలే అన్నాను. చెప్పలేదు.

పాత గ్రూపు అలాగే ఉంది. అందులో మాట్లాడేది ఇక మావయ్య ఒక్కడే గానీ ఆ సంగతి ఆయనకు తెలియదు. పొద్దున్నే పువ్వుల బొమ్మతో గుడ్ మార్నింగ్ పెట్టేవాడు. రెండు రోజులకోసారి 'ప్రాక్టీసు ఎప్పుడు' అని అడిగేవాడు. ఒకసారి తన పాత బూట్లకు పాలిష్ వేసి ఫోటో పెట్టాడు. మేం ముగ్గురం చూసినట్టు అందులో నీలం గీతలు పడేవి. ఎవరం జవాబు ఇచ్చేవాళ్లం కాదు.

ఇక ఆ ఆదివారం సంగతి.

చలికాలం చివరి రోజులు. పొద్దున్న బయల్దేరేటప్పుడు ఊళ్లో పొగమంచు పల్చగానే ఉంది. దల్మా ఎక్కేకొద్దీ చిక్కబడింది. తెలిసిన దారే కాబట్టి వెనక్కి తిరగాలని అనిపించలేదు. ముందు నేను, నా వెనక పల్లవి, ఆఖర్న జగ్గారావు. పెద్ద దారి వదిలి ఒక అడ్డదారి పట్టాం. ముందే చెబుతున్నాను, అది మా తప్పే. ఏటవాలు ఎక్కువ ఉంటే ప్రాక్టీసు బాగా అవుతుందని నేనే అన్నాను.

దారిలో జగ్గారావు మావయ్య నడకను అనుకరించి చూపించాడు. నాలుగడుగులు వేసి మోకాలు పట్టుకుని, "నీది ఏ ఊరమ్మా," అని చెట్టును అడిగాడు. పల్లవి నవ్వలేదు. నేను నవ్వాను. మావయ్య లేకపోబట్టి ఇవాళ కాలు సాగుతోంది అని కూడా అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఆ మాట అన్న కాసేపటికి ఈల వినపడింది.

పొడుగ్గా ఒకటి. చివర విరుపు.

నేను ఆలోచించలేదు. అది వినపడ్డాక ఆలోచించే అలవాటు నాకు లేదు. కాళ్లు ఆగిపోయాయి. రెండు చేతులూ పైకి లేచాయి, క్యాబిన్‌లో హ్యాండిళ్లు వదిలేసినట్టు. పల్లవి వచ్చి నా సంచికి గుద్దుకుంది. ఏమైందన్నట్టు "క్యా హువా పాపా," అని అడిగింది. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆఖర్న ఉన్న జగ్గారావు కూడా నిలబడిపోయి ఉన్నాడు. ఒక కాలు ఇంకా సరిగ్గా నేల మీద ఆనలేదు. నన్ను చూసి ఆగాడనుకోవడానికి వీల్లేదు. మా ఇద్దరికీ మధ్య పల్లవి ఉంది, నేను ఆగడం దానికే తెలియక నన్ను గుద్దుకుంది.

అలాగే నిలబడ్డాం.

మొదట వాసన వచ్చింది. పశువుల పాక దగ్గర వచ్చేలాంటి వాసన, కానీ ఇంకా ఘాటుగా. తర్వాత వెదురు విరిగిన చప్పుడు. ఆ తర్వాత మా ముందు, పది బారలు కూడా ఉండదేమో, మంచు నల్లగా అయింది. చెవి ఊపిన చప్పుడు వినపడింది. తడిగుడ్డ దులిపినట్టు. ఏనుగు దారికి అడ్డంగా నిలబడి ఉంది. దాని కాళ్ల మధ్య పిల్ల.

పిల్ల ఉన్న ఏనుగు ఎదురుపడితే ఏమవుతుందో ఇక్కడ అందరికీ తెలుసు. పల్లవి నా సంచి పట్టీ పట్టుకుంది. మేం అడుగు ముందుకు వెయ్యలేదు, వెనక్కి వెయ్యలేదు. ఆ తల్లి పిల్లను తొండంతో నెడుతూ, ఆగుతూ, మళ్లీ నెడుతూ, చాలా నెమ్మదిగా దారి దాటి కిందికి దిగిపోయింది. మంచు మళ్లీ తెల్లబడింది.

దిగేటప్పుడు పల్లవి అడిగింది, ఏనుగు ఉందని ముందే ఎలా తెలిసింది అని. ఈల వినలేదా అన్నాను. ఏ ఈల అంది. దానికి ఏమీ వినపడలేదు. జగ్గారావు వైపు చూశాను. అతని మొహంలో నెత్తురు లేదు. దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినపడేలా, "అది మావయ్యదే గదేటి," అన్నాడు.

కింద అటవీశాఖ గేటు దగ్గర గార్డు మమ్మల్ని బాగా చీవాట్లు పెట్టాడు. పొద్దున్న పైన మీవాళ్లు ఎవరైనా ఈల ఊదారా అని అడిగాను. మా మనిషి ఎవరూ అటు ఎక్కలేదు, ఏనుగు దగ్గర ఈల ఊదడానికి మాకేమన్నా పిచ్చా అన్నాడు. ఏనుగుల మంద ఎప్పుడో బెంగాల్ వైపు వెళ్లిపోయిందట. నడవలేని పిల్లను వదల్లేక ఈ తల్లి ఒక్కటీ వెనక ఉండిపోయిందట. ఆ మాట అతను మామూలుగానే చెప్పాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పల్లవిని ఇంటి దగ్గర దింపి నేను నేరుగా బర్మామైన్స్‌లో మావయ్య ఇంటికి వెళ్లాను. మావయ్య ఎలాగో మా వెనకే దల్మాకి వచ్చి ఉంటాడని నా అనుమానం. అలా అయితే మేం ఆయన గురించి అన్న మాటలన్నీ విన్నట్టే. ఆ సందులో నడుస్తుంటే అదొక్కటే నా బుర్రలో ఉంది. ఏనుగు సంగతి అప్పటికే మర్చిపోయాను.

అత్త గుమ్మంలో కూర్చుని చేపలు బాగుచేస్తోంది. మావయ్య లోపల పడుకున్నాడంది. పొద్దున్న ఎక్కడికైనా వెళ్లాడా అని అడిగాను.

"ఎక్కడికెల్తాడు. ఆ మోకాళ్లేసుకుని," అంది. తర్వాత తనంతట తానే నవ్వుతూ మొదలుపెట్టింది. "పొద్దున ఏటి సేసాడో తెల్సా మీ మావయ్య. టీ తాగతా తాగతా గ్లాసు కింద పెట్టేసి లేసాడు. పెట్టె కింద ఆ ఈల ఎతికి తీసాడు. ఇదిగో, ఇక్కడే నిలబడి బుగ్గలు రెండూ ఉబ్బించి ఊదాడు."

పలికిందా అని అడిగాను.

"ఏటి పలుకుద్ది, గాలి," అంది అత్త. "ఆ ఈల సచ్చి ఎన్నాళ్లయినాది. గేస్ బండ దింపినోడు దాని మీద దింపీసాడు గదా. ఎదురింటోల్లు సూసి నవ్వారు. ఏటిది అనడిగితే, సింవాచలం ఆగనేదు, ఆగమన్నాను అంటాడు. ఆగాడా మరి అన్నాను, నవ్వులాటకి. ఆగాడు గానీ గంట కొట్టనేదు అన్నాడు. అప్పట్నించి మజ్జేన్నం దాకా కూడు తినకుండా సెవి ఒగ్గి కూసున్నాడు. ముసిలితనం వచ్చేసినాది, కలకీ నిజానికీ తేడా తెల్దు."

గోడ వారగా కిటికీ అంచు మీద ఈల కనపడింది. తీసి చూశాను. ఇత్తడిది, మావయ్య ఎప్పుడూ మెడలో వేసుకునేదే. ఊదే చోటు పూర్తిగా నొక్కుకుపోయి రెండు రేకులూ అంటుకుపోయి ఉన్నాయి. నోట్లో పెట్టుకుని నా బలమంతా పెట్టి ఊదాను. పక్కల నుంచి గాలి పోయింది తప్ప చప్పుడు లేదు. తర్వాత ఎదురింటివాళ్లనూ అడిగాను. వాళ్లు కూడా అదే చెప్పారు. ముసలాయన ఊదాడు, పలకలేదు.

అంతలో మావయ్య లేచి వచ్చాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు.

"ఏట్రా, డూటీ నేదా. ప్రాక్టీసు ఎప్పుడు?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా ఆయన చూపు గుమ్మం దగ్గరికి వెళ్లింది. అక్కడ నేను విడిచిన బూట్లు ఉన్నాయి. అంచుల దాకా దల్మా ఎర్రమట్టి, ఇంకా ఆరలేదు. మావయ్య వాటిని కాసేపు చూశాడు. వంగి ఒక బూటు తీసి అడుగుభాగం తిప్పి వేలితో రాసి చూశాడు.

"మంచియేరా," అన్నాడు. "జారతన్నాయా?"

"లేదు మావయ్యా," అన్నాను.

"అలగే," అని బూటు మళ్లీ దాని జత పక్కన సరిగ్గా పెట్టాడు. అత్త టీ పెడతానంటే పని ఉందని చెప్పి వచ్చేశాను. నాకు ఏ పనీ లేదు.

ఆ వారమంతా సర్దిచెప్పుకోవడానికి చాలా కారణాలు వెతికాను. మేం దల్మాకి వెళ్తున్నామని ఆయనకు ఎవరో చెప్పి ఉండాలి. పల్లవి చెప్పలేదంది, జగ్గారావు పిల్లల మీద ఒట్టేశాడు, మా ఆవిడకు అసలు ఆయనతో ఆ వారంలో మాటే లేదు. పోనీ ఎవరో చెప్పారనే అనుకుందాం. ఏనుగు సంగతి ఎవరు చెప్పారు? పైన కట్టెలు ఏరుకునేవాడు ఎవడో ఈల వేసి ఉండొచ్చు. నిజమే, వేసి ఉండొచ్చు. అయితే ఆ విరుపు? పల్లవికి ఎందుకు వినపడలేదు? ఇరవై ఏళ్ల పిల్ల చెవులకన్నా క్రేను రొదలో పాడైపోయిన మా చెవులు మంచివా? నేనూ జగ్గారావూ మావయ్య గురించే మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇద్దరం ఒకేసారి భ్రమపడ్డాం అని మా ఇంజనీరులాంటి చదువుకున్నవాళ్లు అనవచ్చు. నేను కూడా అదే అనుకుని పడుకునేవాణ్ణి. పొద్దున్న క్రేను ఎక్కి, జగ్గారావు కింద నుంచి 'ఆగు' అని ఊదగానే, నా కాలు గంట మీద పడేది. అప్పుడు మళ్లీ మొదటికి వచ్చేది.

ఆగాడు గానీ గంట కొట్టనేదు.

బూట్ల దుకాణంలో అన్న మాట, గ్రూపులో జవాబివ్వని మెసేజీలు, గుమ్మంలో ఎర్రమట్టి, అన్నీ ఆ ఒక్కదాని కిందకే వచ్చేవి. అక్కడ దల్మా మీద నాకు గంట లేదు, నిజమే. కానీ ఆయన ఇంటికి వెళ్లి కూడా, ఎదురుగా నిలబడి కూడా, విన్నాను మావయ్యా అనలేదు. ఆయన అన్నం మానేసి ఎదురుచూసింది దానికోసమే. నేను టీ కూడా తాగకుండా పారిపోయాను.

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. మావయ్య పాత సైకిలు ఎప్పట్లాగే గోడకు ఆనించి ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఏమని పిలవాలో తెలియలేదు. సైకిలు గంట మీద బొటనవేలు పెట్టి ఒక్కసారి నొక్కాను.

లోపల ఏదో పని చేస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"ఇంతాలిస్సెవేటిరా," అన్నాడు మావయ్య లోపలి నుంచే.

ఇంత ఆలస్యమా అని. ఎవరొచ్చారని అడగలేదు. ఆ సందులో సైకిలు గంటలు పొద్దస్తమానం మోగుతూనే ఉంటాయి.

లోపలికి వెళ్లి ఆయన ముందు కింద కూర్చున్నాను. అంతా చెప్పాను. బిష్టుపూర్‌లో అన్నమాట, రెండో గ్రూపు, డ్యూటీ అబద్ధం, కొండ మీద మేం నవ్విన నవ్వు, ఏదీ దాచలేదు. చెబుతుంటే కళ్లనీళ్లు వచ్చాయి, సిగ్గు లేకుండా తుడుచుకున్నాను. మావయ్య ఖైనీ నలుపుకుంటూ విన్నాడు. బూట్ల దుకాణం సంగతి వచ్చినప్పుడు మాత్రం చేతిలోని ఖైనీ నలపడం ఆపాడు. తర్వాత మళ్లీ నలిపాడు.

అంతా విని, "మోకాళ్లు నాకూ తెల్సురా. సెప్తే సరిపోను," అన్నాడు. కోపం కూడా లేదు ఆ మాటలో. కోప్పడి ఉంటే నాకు బాగుండేది.

ఇప్పుడు ప్లాను మారింది. పల్లవి వెతికి, జీపు రోడ్డు మంచు దాకా వెళ్లే పల్లె ఒకటి పట్టుకుంది. శిఖరం లేదు, పల్లె చుట్టూ నడవడమే. నలుగురికీ టికెట్లు తీశాం. హోలీకి ముందు బయల్దేరుతున్నాం. ప్రాక్టీసు పార్కులో చేస్తున్నాం, ముందు మావయ్య, ఆయన వెనక మేం. ఆయన ఆగితే ఆగుతాం. జగ్గారావు ఆయన సంచి మోస్తున్నాడు.

ఆ రోజు లేచి వచ్చేముందు ఒక్కటి అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మావయ్యా, దల్మా మీద నీ ఈల మాకు వినపడింది," అన్నాను.

మావయ్య నా వైపు చూశాడు. కిటికీ అంచు మీది ఈల తీసి, నలిగిన చోటు నాకు కనపడేలా తిప్పి చూపించాడు. చిన్నప్పుడు నాకు ఏదైనా తెలియకపోతే చెప్పినంత ఓపిగ్గా చెప్పాడు.

"ఇది పలకదురా," అన్నాడు.

అంతకు మించి ఆయన చెప్పలేదు. అంతకు మించి నాకూ తెలియదు.